ఎడమ చెయ్యి

2018 నవంబరులో ఒక మధ్యాహ్నం, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, నేను ఒంటరిగా నడుపుతున్న హెలికాప్టర్ ఇంజను గాలిలో ఆగిపోయింది. అప్పటికి నేలకి 900 అడుగుల ఎత్తులో ఉన్నాను. అక్కణ్ణించి నేలమీదికి రావడానికి అర నిమిషానికి కాస్త అటూ ఇటూగా పట్టి ఉంటుంది. బతికాను. వెన్నుపూస ఒకటి నలిగింది. 12 వారాలు నడుముకి బెల్టు కట్టుకుని తిరిగాను. ఆ అర నిమిషం గురించి చెప్పమని అందరూ అడుగుతారు, చెబుతాను. కానీ రాత్రిళ్ళు మెలకువ వస్తే నాకు గుర్తొచ్చేది ఆ అర నిమిషం కాదు. దానికి రెండు మూడు నిమిషాల ముందు నా ఎడమ చెయ్యి చెయ్యకుండా వదిలేసిన ఒక చిన్న పని.

మాది కైకలూరు దగ్గర పల్లె. నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. హెలికాప్టర్ అనగానే అమ్మకి గుర్తొచ్చేది 2002 మార్చి 3, ఆదివారం. లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గరే చెరువులో కూలిపోయింది. నాకప్పుడు ఆరేళ్ళు. చూడ్డానికి వెళ్ళిన నాన్న చీకటిపడ్డాక ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోవడం గుర్తుంది. ఏడేళ్ళ తర్వాత, 2009 సెప్టెంబరు 2న, రచ్చబండ కోసం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయింది. ఆ రాత్రంతా మా వీధిలో ఏ ఇంట్లోనూ టీవీ కట్టలేదు. అది కూలిన పావురాలగుట్ట పేరు మర్నాడు మొదటిసారి విన్నాం.

ఆ మరుసటి నెలే తుంగభద్రకి వరదలొచ్చి కర్నూలు మునిగింది. మేడలమీద చేతులు చాపి నిలబడ్డ జనానికి హెలికాప్టర్లు ఆహారం పొట్లాలు జారవిడుస్తుంటే అదే టీవీలో చూశాను. నెల రోజుల తేడాలో అదే యంత్రం ప్రాణం తీసింది, ప్రాణం పోసింది. పదమూడేళ్ళ వయసులో నా మనసులో ఏం పడిందో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను గానీ, డిగ్రీ అయ్యాక హెలికాప్టర్ పైలట్ శిక్షణకి వెళ్తానన్నప్పుడు అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాన్న ఎకరంన్నర చెరువు తాకట్టు పెట్టారు.

నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకి తెలిసిన ఆపద ఒక్కటే. రాత్రిపూట కరెంటు పోయి చెరువులో ఏరియేటర్లు ఆగిపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యలు నీటి అంచుకి, పైకి వచ్చేస్తాయి. జనరేటర్ వెంటనే అందుకోకపోతే నాలుగు నెలల పంట తెల్లారేసరికి తేలిపోతుంది. అందుకని రోజూ సాయంత్రం ఐదింటికి షెడ్డులోకి వెళ్ళి డీజిలు ట్యాంకులో పుల్ల ముంచి చూసేవారు, బ్యాటరీ తీగలు చేత్తో కదిపి చూసేవారు, ఒకసారి స్టార్ట్ చేసి ఆపేవారు. వారాల తరబడి కరెంటు పోకపోయినా సరే. "నిన్ననే చూశారు కదా నాన్నా" అంటే, "నిన్నటికి నిన్న చూశాను" అనేవారు. చిన్నప్పుడు అది ఆయన అలవాటనుకున్నాను, అంతే.

శిక్షణ విలామెట్ లోయలో. శీతాకాలమంతా సన్నటి జల్లు, పొగమంచు, పచ్చగడ్డి. ఆ లోయలో రైతులు వేల ఎకరాల్లో గడ్డి విత్తనాల కోసమే గడ్డి పండిస్తారు. మేం నేర్చుకున్నది ఆర్22 అనే చిన్న హెలికాప్టర్ మీద. రెండే సీట్లు, రెండే రెక్కల రోటర్, పెట్రోలు ఇంజను. నిండా ఎక్కించుకున్నా 621 కిలోలు దాటకూడదు. తేలికైనది కాబట్టి చవక, చవక కాబట్టి శిక్షణకి వాడతారు. అదే తేలికతనం వల్ల తప్పు చేస్తే క్షమించదు. అమెరికాలో దీనికోసమే 1995 నుంచి ప్రత్యేక నిబంధన ఉంది. ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఇందులోనే కనీసం 20 గంటలు ఎగిరాకగానీ విద్యార్థిని ఒంటరిగా పంపకూడదు.

పైలట్ కుడివైపు కూర్చుంటారు. కుడి చేతిలో సైక్లిక్ అనే కర్ర, అది ఎటు వంచితే అటు వెళ్తుంది. రెండు కాళ్ళకీ పెడల్స్, ముక్కు ఎటు తిరగాలో వాటి పని. ఎడమ చేతిలో కలెక్టివ్. సీటు పక్కన కారు హ్యాండ్‌బ్రేక్‌లా ఉండే ఆ లివర్ పైకెత్తితే రెక్కలన్నీ ఒకేసారి గాలిని ఎక్కువ కోస్తాయి, పైకి లేస్తాం. దించితే దిగుతాం. కుడి చెయ్యి సైక్లిక్‌ని వదలకూడదు. అందుకని మిగతా పనులన్నీ ఎడమ చేతికే వస్తాయి. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చడం, మ్యాపు తియ్యడం, స్విచ్చులు వెయ్యడం, కార్బ్ హీట్ నాబ్ లాగడం, అన్నీ. ఎడమ చేత్తో ఎవరికైనా ఏదైనా ఇస్తే అమ్మ ఊరుకునేది కాదు. ఇక్కడ ప్రాణం మొత్తం ఆ చేతిలోనే ఉంది.

ఇంటర్ రెండేళ్ళు హాస్టల్లో చదివినదాన్ని. బట్టీ పట్టడంలో నన్ను మించినవాళ్ళు మా బ్యాచ్‌లో లేరు. మొదటి వారంలోనే ఎమర్జెన్సీ ప్రొసీజర్లన్నీ గడగడా అప్పజెప్పాను. క్లచ్ లైటు ఏడెనిమిది సెకన్లు దాటి వెలుగుతూనే ఉంటే సర్క్యూట్ బ్రేకర్ లాగి వెంటనే దిగాలి. టెయిల్ రోటర్ చిప్ లైటుతో పాటు చప్పుడో వణుకో ఉంటే వెంటనే దిగాలి, లైటు ఒక్కటే అయితే వీలైనంత త్వరగా దిగాలి. ఈ రెండు మాటలకీ తేడా ఏమిటో కూడా చెప్పాను. వెంటనే అంటే కాలు మోపగల చోటు కనబడిన క్షణంలో. వీలైనంత త్వరగా అంటే దగ్గర్లో సాయం దొరికే చోట. మా ఇన్‌స్ట్రక్టర్ అంతా విని, ఇంజను ఆపి ఉన్న హెలికాప్టర్‌లో నన్ను కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకో. ఇప్పుడు చెప్పినవన్నీ ఒక్కొక్కటీ తాకి చూపించు" అన్నారు. క్లచ్ బ్రేకర్ కోసం నా చెయ్యి ఎక్కడెక్కడో వెతికింది. కార్బ్ హీట్ కోసం వెళ్ళి మిక్స్చర్ నాబ్ పట్టుకున్నాను. గాలిలో దాన్ని లాగితే ఇంజను ఆగిపోతుంది. ఆ పొరపాటు జరక్కుండా దానిమీద ఒక ప్లాస్టిక్ గొట్టం తొడుగుతారు, నా వేళ్ళు ఆ గొట్టాన్నే తాకాయి. "నోటికి వచ్చింది, చేతికి రాలేదు" అన్నారాయన. ఆ మాటకి నొచ్చుకున్నాను కూడా.

అన్నిటికంటే ఎక్కువ చేయించింది ఆటోరొటేషన్. ఇంజను ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు, పడదు. చిన్నప్పుడు తాటాకు ముక్కకి తుమ్మముల్లు గుచ్చి, పట్టుకుని పరిగెడితే గిర్రున తిరిగేది గుర్తుందా? దాన్ని తిప్పే ఇంజను ఏదీ లేదు. మన పరుగు వల్ల ఎదురొచ్చే గాలే తిప్పుతుంది. రోటర్ కూడా అంతే. కిందికి దిగుతున్నంతసేపూ కిందినుంచి పైకి దూసుకొచ్చే గాలి దాన్ని తిప్పుతూ ఉంటుంది. ఆ తిరుగుడులో దాచుకున్న బలాన్ని చివర్లో ఒక్కసారి వాడుకుని మెత్తగా దిగొచ్చు. షరతు ఒక్కటే. ఇంజను ఆగిన క్షణంలో కలెక్టివ్ దించెయ్యాలి. రెక్కలు గాలిని గట్టిగా కోస్తూ ఉండగా ఇంజను సాయం పోతే తిరుగుడు పడిపోతుంది. ఆర్22 రోటర్ మరీ తేలిక. ఒకటి, ఒకటిన్నర సెకను మించి ఆలస్యం చెయ్యొద్దని మాకు చెప్పేవారు. తిరుగుడు 97 శాతం కంటే తగ్గితే హారన్ మోగుతుంది. 80 శాతానికి దగ్గరపడితే రెక్కలకి గాలిమీద పట్టు తప్పుతుంది. అప్పుడిక ఎవరు ఏం చేసినా తిరిగి రాదు.

ఈ హెలికాప్టర్‌లో చెప్పాపెట్టకుండా థ్రాటిల్ కట్ చేసి విద్యార్థిని పరీక్షించడం ప్రమాదమని తయారీదారులే హెచ్చరించారు. అందుకని మా ఇన్‌స్ట్రక్టర్ "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టి తగ్గించేవారు. చెయ్యి కిందికి, కుడి కాలు ముందుకి, సైక్లిక్ కాస్త వెనక్కి. వేగం 65 నాట్లు. 40 అడుగుల దగ్గర ముక్కెత్తి వేగం చంపాలి. ఎనిమిది అడుగుల దగ్గర సమంగా చెయ్యాలి. అక్కడ మళ్ళీ ఇంజను అందుకుని పైకి లేచిపోయేవాళ్ళం. దాన్ని పవర్ రికవరీ అంటారు. నిజంగా ఇంజను లేకుండా నేలకి ఆనించడం మొదటి లైసెన్సు పరీక్షలో అడగరు. అందుకని అది విద్యార్థి చేత చేయించరు, ఇన్‌స్ట్రక్టర్ ఒకటి రెండుసార్లు చేసి చూపిస్తారు. అంటే 900 అడుగుల నుంచి ఎనిమిది అడుగుల దాకా నాకు అలవాటుంది. ఆ చివరి ఎనిమిది అడుగులు లేదు.

ఆ రోజు నాది ఒంటరిగా చేయాల్సిన దూరప్రయాణం. నేలమీద ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. డ్యూ పాయింట్ 8. అంటే గాలిలో తేమ నీరుగా మారడానికి ఒక్క డిగ్రీ తగ్గితే చాలు. పైన రెండున్నర వేల అడుగుల దగ్గర మబ్బు.

బయల్దేరే ముందు హెలికాప్టర్ చుట్టూ తిరిగి చూసే పని నేనే చేశాను. ఇన్‌స్ట్రక్టర్ వెనకాలే నడిచారు. చివర్లో ఆయన నా సీటు మడత పైకెత్తారు. దానికింద చిన్న పెట్టెలాంటి ఖాళీ ఉంటుంది, సామాను పెట్టుకోవడానికి. అందులో నా స్టీలు క్యారేజీ ఉంది, రాత్రి కలిపిన పులిహోరతో. ఆయన ఏమీ అనకుండా లోపల అంటించి ఉన్న లేబుల్ మీద వేలు పెట్టారు. గట్టిగా దిగినప్పుడు సీటు కుంగితే మనిషికి గుచ్చుకునే వస్తువులు ఇక్కడ పెట్టవద్దని రాసుంది. నేను చదివిందే, అప్పజెప్పిందే. క్యారేజీ తీసి ఖాళీ సీటు కింద పెట్టాను. ఇంత చాదస్తమా అని మనసులో అనుకున్న మాట నిజం.

వెళ్ళడం బాగానే వెళ్ళాను. సేలం దాటి దక్షిణానికి, ఆల్బనీ మీదుగా. వచ్చేటప్పుడు ఓ చిన్న విమానాశ్రయం దగ్గర దిగి మళ్ళీ లేవాలి. దానికి కంట్రోల్ టవర్ లేదు. అక్కడికొచ్చే పైలట్లే ఒకరికొకరు రేడియోలో ఎక్కడున్నారో చెప్పుకుంటారు. రెండు వేల అడుగుల నుంచి దిగడం మొదలుపెట్టాలి.

ఇక్కడ కార్బురేటర్ గురించి చెప్పాలి. కొత్త కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మనకి తెలుసు. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడూ అదే జరుగుతుంది. అక్కడి ఇరుకు గొంతులో గాలి ఇంకా చల్లబడుతుంది. బయట తొమ్మిది డిగ్రీలున్నా లోపల సున్నాకి దిగువకి పోతుంది. గాలిలో తేమ ఉంటే అది థ్రాటిల్ పలకమీద మంచు కడుతుంది. హెలికాప్టర్ దిగే వేళ, అంటే ఇంజను తక్కువ పవర్‌లో ఉన్నప్పుడు, ఆ గొంతు మరీ ఇరుకు. కొద్ది మంచుకే పూడుకుపోతుంది. కార్బ్ హీట్ నాబ్ లాగితే పొగగొట్టం వేడికి కాగిన గాలి లోపలికొచ్చి మంచు పట్టనివ్వదు. కొత్త రకాల్లో కలెక్టివ్ దించగానే కొంత వేడి దానంతటదే వస్తుంది. నేను నడిపింది పాతది, చెయ్యే లాగాలి.

అన్నిటికంటే ప్రమాదమేమిటంటే మంచు పడుతున్నట్టు తెలియదు. గవర్నర్ అనే పరికరం ఇంజను తిరుగుడు తగ్గకుండా థ్రాటిల్‌ని తానే కొంచెం కొంచెం తెరుస్తూ ఉంటుంది. మంచు ఎంత మూస్తే అది అంత తెరుస్తుంది. సూదులన్నీ పచ్చగీతలోనే ఉంటాయి. తెరవడానికి ఇంకేమీ మిగలనప్పుడు మాత్రమే మనకి కబురు అందుతుంది. అందుకే ఆర్22కి ఒక నియమం. ఇంజను పవర్‌ని సూచించే మ్యానిఫోల్డ్ ప్రెషర్ 18 అంగుళాలకి దిగువకి వెళ్తుంటే కార్బురేటర్ ఉష్ణోగ్రత సూదిని నమ్మొద్దు. హీట్ పూర్తిగా లాగేయ్.

కలెక్టివ్ దించబోతూ నేను గట్టిగానే అన్నాను: "కార్బ్ హీట్, ఫుల్." హెడ్‌సెట్‌లో నా గొంతు నాకే వినిపించింది. చెయ్యి కలెక్టివ్ మీంచి లేచింది కూడా. సరిగ్గా అప్పుడే రేడియోలో ఒక విమానం పైలట్ తానూ అదే విమానాశ్రయానికి, దాదాపు అదే ఎత్తులో వస్తున్నానన్నాడు. ధ్యాస చెదిరింది. లేచిన చెయ్యి నాబ్ దగ్గరికి వెళ్ళకుండా రేడియో వాల్యూమ్ దగ్గరికి వెళ్ళింది. పెంచాను. జవాబు చెప్పాను. కళ్ళు బయట ఆ విమానం కోసం వెతుకుతున్నాయి. చెయ్యి తిరిగి కలెక్టివ్ మీదికి వచ్చి దాన్ని దించింది. లెక్క ప్రకారం చెయ్యి లేచింది, ఏదో తిప్పింది, తిరిగొచ్చింది. నోరు మాట చెప్పేసింది. నా మనసు ఆ పని అయిపోయినట్టు రాసేసుకుంది.

రెండు నిమిషాల పైన దిగాను. విమానం కనబడింది, దూరంగానే ఉంది. ఊపిరి పీల్చుకుని, 900 అడుగుల దగ్గర ఆగుదామని కలెక్టివ్ ఎత్తాను.

హెలికాప్టర్ ముక్కు ఎడమకి విసురుగా తిరిగింది. ఇంజను రెండుసార్లు దగ్గినట్టయింది. హారన్ మోగింది.

ఎవరూ మూడు, రెండు, ఒకటి అనలేదు.

చెయ్యి కిందికి పోయింది. నేను దించానని రాయలేను. హారన్ ఎందుకు మోగుతోందో తెలిసేసరికే లివర్ అడుగున ఉంది, కుడి కాలు ముందుకి వెళ్ళి ఉంది. హారన్ ఆగిపోయింది. ఈ హెలికాప్టర్‌లో కలెక్టివ్ పూర్తిగా కిందికుంటే హారన్ మోగదు. అంతా సర్దుకున్నందుకు ఆగలేదది, లివర్ అడుక్కి తగిలినందుకు ఆగింది. ఆ సంగతి తెలిసినా, శబ్దం ఆగగానే ఒక్క క్షణం ఒళ్ళు తేలికైంది. తర్వాత సూదులు చూశాను. రెండూ ఎప్పుడూ అతుక్కున్నట్టు కలిసుంటాయి. ఇప్పుడు విడిపోయాయి. రోటర్ సూది 90 దాకా జారి, మెల్లిగా పైకి వస్తోంది. ఇంజను సూది కిందికి పోతూనే ఉంది.

కుడివైపు హేజల్‌నట్ తోట, ఆకులు రాలిన చెట్లు వరసలు వరసలుగా. ముందు రోడ్డు. ఎడమవైపు గడ్డి పొలం, లేత పచ్చగా, ఓ పాతిక ఎకరాలు. నేను పడమరకి పోతున్నాను, గాలి దక్షిణం నుంచి. ఎడమకి తిరిగితే గాలికి ఎదురవుతాను. తిరిగాను. రోడ్డు వెంట స్తంభాలు కనబడ్డాయి. తీగలు పైనుంచి ఎప్పుడూ కనబడవు. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే అనుకోమని నేర్పారు. ఆ స్తంభాలకి అవతల దిగడానికి సరిపడా ఎత్తు ఉందా అని ఒక్కసారి అనుమానం వచ్చింది. అప్పుడు వచ్చింది భయం, కడుపులో. కానీ చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. 65 నాట్లు, 65 నాట్లు అని నోరు గొణుగుతోంది. మేడే, అంటే ఆపదలో ఉన్నానని, రేడియోలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే దృష్టి చాలదు. మళ్ళీ స్టార్ట్ చేద్దామన్న ఆలోచన రాలేదు, అంత ఎత్తూ లేదు.

స్తంభాలు దాటాయి. 40 అడుగులంటే నాకు మా చెరువు గట్టుమీది కొబ్బరిచెట్టు. మొదట్నుంచీ ఎత్తులు అలాగే కొలిచేదాన్ని. కొబ్బరిచెట్టంత ఎత్తుకి రాగానే సైక్లిక్ వెనక్కి లాగాను. ముక్కు లేచి ముందు అద్దం నిండా మబ్బు నిండింది. వేగం చచ్చింది, రోటర్ గొంతు పెద్దదైంది. తర్వాత సమం చేశాను.

ఇక మిగిలింది ఎప్పుడూ చెయ్యని ఎనిమిది అడుగులు. రోటర్ దాచుకున్న బలం ఒక్కసారికే వస్తుంది. నేల ముఖంలోకి వస్తున్నట్టనిపించి నేను కాస్త ముందే కలెక్టివ్ లాగేశాను. హెలికాప్టర్ నాలుగైదు అడుగుల దగ్గర ఆగినట్టు తేలింది. హారన్ మళ్ళీ మోగింది. లివర్ చంకలోకి వచ్చేసింది, ఇంక లాగడానికి ఏమీ లేదు. అక్కణ్ణించి పడ్డాను.

నడుములో ఏదో పుల్ల విరిగినట్టనిపించింది. చక్రాలకి బదులు ఉండే స్కిడ్లు రెండూ పక్కలకి విచ్చుకుపోయాయి. బురదలో ఓ రెండడుగులు జారి ఆగింది. తిరగబడలేదు. రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. నేల తాకాక సైక్లిక్ వెనక్కి లాగితే రెక్క తోక నరుకుతుందని చెప్పిన మాట ఒక్కటే తల్లో ఉంది. కర్రని మధ్యలో బిగించి పట్టుకున్నాను. తర్వాత పెట్రోలు వాల్వు కట్టేశాను, తాళంచెవి తిప్పాను, బ్యాటరీ ఆఫ్ చేశాను. రెక్కల హుష్షు హుష్షు నెమ్మదిగా ఆగింది. తడిమట్టి వాసన వచ్చింది. మా చెరువు గట్టు వాసనే. అప్పుడు ఏడ్చాను.

ఒక ముసలి రైతు పికప్ ట్రక్కులో వచ్చాడు. దిగడానికి ప్రయత్నిస్తుంటే "కదలకు, అలాగే కూర్చో" అని, తన కోటు నామీద కప్పి, అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేదాకా వానలో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఏ ఊరని అడిగాడు, మా ఇంట్లో ఎంతమందిమని అడిగాడు. నన్ను మాట్లాడిస్తూ ఉంచడానికేనని తర్వాత అర్థమైంది. స్ట్రెచర్ మీదికి తీసేటప్పుడు చూశాను, నా సీటు పెట్టెలా లోపలికి నలిగి కుంగిపోయి ఉంది. నలగడానికే దాన్ని అలా కడతారు. ఆ దెబ్బ కొంత అది తీసుకుంది. పొద్దున క్యారేజీ అక్కడే ఉండి ఉంటే ఆ స్టీలు గిన్నెలు ఎక్కడ దిగేవో ఆసుపత్రిలో డాక్టర్ చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

నడుం దగ్గరి మొదటి పూస నలిగిందన్నారు. నరం దెబ్బతినలేదు, ఆపరేషన్ అక్కర్లేదు. రాత్రి ఏడింటికి ఇంటికి ఫోన్ చేశాను, మనకి అప్పుడు మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. నాన్న ఎత్తారు.

"నాన్నా, నేను బానే ఉన్నాను. ముందు ఆ మాట వినండి."

"చెప్పమ్మా."

చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కమాట మాట్లాడలేదు. అంతా అయ్యాక, "ఇంజనెందుకు ఆగింది?" అన్నారు. చెడిపోయిందని చెప్పొచ్చు, అప్పటికి దర్యాప్తు కూడా జరగలేదు. కానీ నాకు అంబులెన్సులోనే తెలిసిపోయింది. "ఒక నాబ్ లాగాలి నాన్నా. లాగాననుకున్నాను. లాగలేదు." చాలాసేపు ఫోన్‌లో కాకుల అరుపు వినిపించింది. "అమ్మకి నేను చెబుతాలే. నువ్వేం తిన్నావు?" అన్నారు.

అమెరికా నిబంధనల ప్రకారం ఇలా ఎముక విరిగితే అది ప్రమాదం కిందికే వస్తుంది. దర్యాప్తు అధికారులు వచ్చారు, ప్రశ్నలు వేశారు, మర్యాదగానే. పొలంలో తీసిన ఫోటోలు చూపించారు. వాటిలో ఒకటి కాక్‌పిట్ లోపలిది. కార్బ్ హీట్ నాబ్ పూర్తిగా లోపలికి ఉంది, లాగని స్థితిలో. దానిమీద ధూళి కూడా చెదరలేదు. నేను ఆ ఫోటో కాపీ అడిగి తెచ్చుకున్నాను.

తర్వాత నెలలు డబ్బుకి, పత్రాలకి, నొప్పికి పోయాయి. వాటి గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. నాన్న రెండోసారి అప్పు చేశారు, ఎవరి దగ్గరో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

మా ఇన్‌స్ట్రక్టర్ వారానికోసారి వచ్చేవారు. తిట్టలేదు. ఒక కాగితం మధ్యగా గీత గీసి, ఆ ప్రయాణంలో నోటితో అన్నవన్నీ ఎడమవైపు, చేత్తో చేసినవన్నీ కుడివైపు రాయమన్నారు. రాస్తే ఎమర్జెన్సీ మొదలైన దగ్గర్నుంచి కుడివైపు నిండుగా ఉంది, ఎడమవైపు దాదాపు ఖాళీ. దానికి ముందు భాగంలో ఎడమవైపు నిండుగా ఉంది. ఆపదకి చెయ్యవలసినవి భయంతో నేర్చుకున్నాను కాబట్టి చేతికి ఎక్కాయి. మామూలుగా చెయ్యవలసినవి పాఠంలా నేర్చుకున్నాను, నోట్లోనే ఉండిపోయాయి. ప్రాణం తియ్యబోయింది ఆ మామూలు పనులే.

మంచంమీద ఉన్న రోజుల్లో పావురాలగుట్ట ప్రమాదం దర్యాప్తులో తేలిన విషయాలు చదివాను. అమ్మకి తెలియకుండా చదివాను, ఫోన్‌లో అయినా ఆ మాట ఎత్తితే తను తట్టుకోలేదు. ఆ పైలట్లిద్దరూ నాకంటే ఎన్నో రెట్లు అనుభవం ఉన్నవాళ్ళు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ విషయంలో ఏం చెయ్యాలో చెక్‌లిస్ట్ పుస్తకంలో వెతకడంలో వాళ్ళ దృష్టి కొన్ని నిమిషాలపాటు చిక్కుకుందని, ముందు వాతావరణం దారుణంగా ఉందని అందులో ఉంది. వాళ్ళమీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను. నేను చదివింది నా కోసం. వాళ్ళ దృష్టిని పట్టుకున్నది పుస్తకంలో ఒక పేజీ, నా దృష్టిని పట్టుకున్నది రేడియోలో ఒక గొంతు. ఆ రాత్రి పక్క మార్చలేని నొప్పితో పైకప్పు చూస్తూ, 2009లో మా వీధి మొత్తం మేలుకున్న రాత్రిని తలుచుకుని తెల్లవార్లూ పడుకోలేదు.

2019 మార్చిలో డాక్టరు ఎగరొచ్చని సంతకం పెట్టాడు. మొదట నేను కోరింది ఒక్కటే, ఆ చివరి ఎనిమిది అడుగులు నేర్పమని. ఒక సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ రెండు రోజులు నా పక్కన కూర్చుని, ఇంజను అందుకోకుండా నేలకి ఆనించడం నా చేత చేయించారు. మొదటి మూడుసార్లూ నేను అలాగే ముందే లాగాను. ఆయన చెయ్యి కలెక్టివ్ మీద నా చేతికి అడ్డం పడింది. "ఇంకా కాదు. ఇంకా కాదు. ఇప్పుడు." నాలుగోసారి స్కిడ్లు గడ్డిని తాకిన చప్పుడు మాత్రమే వినిపించింది.

రెండో రోజు సాయంత్రం తిరిగి వస్తున్నాం. సన్నటి వాన పడుతోంది. దిగాల్సిన చోటు కనబడింది. నేను ఏమీ అనలేదు. కలెక్టివ్ వదిలి ఎడమ చెయ్యి నాబ్ మీద వేసి, పూర్తిగా లాగాను. చల్లగా ఉంది. కార్బురేటర్ ఉష్ణోగ్రత సూది పసుపు గీతలోంచి కదిలి బయటికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోగా రేడియోలో ఎవరో విమానం పైలట్ మా దిక్కుగా వస్తున్నానని పిలిచాడు. సూది గీత దాటేదాకా చెయ్యి తియ్యలేదు. దాటాక అతనికి జవాబు చెప్పాను.